పాత స్పోర్ట్స్ కారుకు చిన్న చిన్న మెరుగులు: ముందేది? వెనుకేది?

యంత్రం చేతికి వస్తే చాలు, దాన్ని ఇంకొంచెం వేగంగా పరుగెత్తించాలనే కోరిక పుట్టడం ఇంజనీరింగ్ విద్యార్థులకు సహజం. హాస్టల్ ముందు నిలబెట్టిన మోటారు సైకిళ్ళను చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఒకరు సైలెన్సర్ మార్పిస్తారు, మరొకరు హ్యాండిల్ మార్పిస్తారు, ఇంకొకరు వెనుక టైరు వెడల్పు చేయిస్తారు. అరిగిన బ్రేకు లైనర్లు మార్పించిన వాళ్ళు మాత్రం అరుదుగా కనిపిస్తారు. మెరుగు అంటే పైకి కనిపించేది, చెవికి వినిపించేది అని మనలో ఒక అభిప్రాయం ఉంది. అది ఎంతవరకు సరైనదో ఒక పాత కారును ఉదాహరణగా తీసుకుని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ కళాశాలలో మెకానికల్ చదివి వెళ్ళి, ప్రస్తుతం అమెరికాలో డల్లాస్ నగరం దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. నేను రోజూ ఆఫీసుకు రానూ పోనూ 80 కిలోమీటర్లు తిరిగేది 1990 నాటి మాజ్దా మియాటా అనే రెండు సీట్ల కారులో. అది నాకు ఆదివారం షికారు బండి కాదు. వర్షం వచ్చినా ఎండ కాసినా ఉదయం 7 గంటలకు అది స్టార్ట్ కావాలి, సాయంత్రం నన్ను క్షేమంగా ఇంటికి చేర్చాలి. నిత్యం వాడే పాత బండికి మెరుగులు దిద్దడం ఆదివారం బండికి దిద్దడం వంటిది కాదు. ఇక్కడ తప్పు లెక్క వేస్తే పోయేది డబ్బు మాత్రమే కాదు.

కారు పుట్టుపూర్వోత్తరాలు

1960 ప్రాంతాల్లో ఇంగ్లండు, ఇటలీ దేశాల్లో ఎం.జి., లోటస్, ఆల్ఫా రోమియో వంటి కంపెనీలు పైకప్పు మడిచే చిన్న స్పోర్ట్స్ కార్లు తయారుచేసేవి. అవి నడపడానికి ఎంతో సరదాగా ఉండేవి గాని, ఆయిలు కారడం, వైరింగ్ మొరాయించడం వాటికి మామూలు. ఆ సరదా ఉండి ఈ ఇబ్బందులు లేని కారు ఒకటి తయారుచేయాలని జపాన్‌కు చెందిన మాజ్దా కంపెనీ సంకల్పించింది. ఆ కారును 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో లోకానికి చూపింది. అమెరికాలో మియాటా అన్నారు, అనేక ఇతర దేశాల్లో ఎం.ఎక్స్-5 అన్నారు. 1997 వరకు సాగిన తొలి తరంలోనే 4 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. అన్ని తరాలూ కలిపి 2016లో పది లక్షలు దాటాయి.

దీని తొలి ఇంజన్ 1.6 లీటర్లు, నాలుగు సిలిండర్లు. అమెరికా మోడల్‌లో 116 హార్స్ పవర్ ఇచ్చేది. ఈ రోజుల్లో ఇది గొప్ప సంఖ్య కాదు. అయితే కారు బరువు ఒక టన్నుకు కొంచెం తక్కువే. ఇంజన్ ముందు, చోదన శక్తి వెనుక చక్రాలకు. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. బాయ్‌నెట్ అల్యూమినియంతో చేశారు. బరువు వెనక్కి జరగడం కోసం బ్యాటరీని డిక్కీలో పెట్టారు. గేర్ బాక్సునూ డిఫరెన్షియల్‌నూ ఒక పొడవాటి అల్యూమినియం చట్రంతో కలిపి బిగించారు. అందువల్ల యాక్సిలరేటర్ తొక్కగానే వెనుక చక్రాలకు సమాచారం జాగు లేకుండా అందుతుంది. గుర్రమూ రౌతూ ఒకటైపోవాలి అన్న అర్థం వచ్చే జపనీస్ మాటను ఆ ఇంజనీర్లు తమ ఆదర్శంగా చెప్పుకున్నారు.

ఈ వివరాలు చెప్పడానికి కారణం ఉంది. ఈ కారు గొప్పతనం దాని బలంలో లేదు, భాగాల మధ్య ఉన్న పొందికలో ఉంది. పొందిక ఉన్న యంత్రంలో ఒక్క భాగాన్ని పెంచితే మిగిలినవి కుంటుపడతాయి. ఈ సూత్రాన్ని మనసులో పెట్టుకుని ముందుకు సాగుదాం.

మొదటి మెట్టు: ఉన్నదాన్ని ఉన్నట్టు చేయడం

ముప్పై ఏళ్ళు దాటిన కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు కాదు. షాక్ అబ్జార్బర్లలో పస ఉండదు. రబ్బరు బుష్షులు ఎండి పగిలి ఉంటాయి. గొట్టాలు గట్టిపడి ఉంటాయి. అటువంటి బండిని నడిపి, "దీనికి బలం చాలదు, స్టీరింగ్ పట్టు చాలదు" అనుకోవడం, జ్వరంతో ఉన్న మనిషిని చూసి వీడు బలహీనుడు అని తీర్మానించినట్టే. ముందు జ్వరం తగ్గాలి. ఆ తరువాతే వ్యాయామం.

కనుక కారు కొన్న మొదటి ఆరు నెలలు నేను కొత్త భాగమేదీ అదనంగా తగిలించలేదు. పాతవాటిని కొత్తవి చేశాను. ముందుగా టైమింగ్ బెల్ట్. అమెరికాలో దీన్ని 60,000 మైళ్ళకు, అంటే సుమారు 96,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చాలని చెప్పారు. ఈ ఇంజన్‌లో బెల్ట్ తెగినా వాల్వులూ పిస్టన్లూ ఢీకొనవు కాబట్టి ఇంజన్ పగలదు. అయితే హైవే మీద లారీల మధ్య ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోవడం చిన్న విషయమా? బెల్ట్ విప్పినప్పుడే వాటర్ పంపు, ఆయిల్ సీళ్ళు మార్చేస్తే మళ్ళీ అంత పని విప్పనక్కరలేదు. తొలి సంవత్సరాల ఇంజన్లలో క్రాంక్ షాఫ్ట్ ముక్కు పొట్టిగా ఉండేది. కంపెనీ తరువాత దాన్ని పొడిగించింది. పొట్టి ముక్కు ఇంజన్‌లో పుల్లీ బోల్టు సరైన టార్క్‌తో బిగించకపోతే కీ-గాడి అరిగిపోయే ప్రమాదముంది. అందువల్ల ఈ పనికి టార్క్ రెంచ్ తప్పనిసరి. చేతి అంచనా పనికిరాదు.

క్లచ్ స్లేవ్ సిలిండర్ ఈ కార్లలో కారుతుందని పేరు. చవక భాగం, గంటలో మార్చవచ్చు. ఇక సీట్ల వెనుక, పైకప్పు మడిచే చోట, వాననీరు పోవడానికి రెండు వైపులా సన్నటి గొట్టాలుంటాయి. ఆకులూ దుమ్మూ చేరి అవి పూడిపోతే నీరు లోపలే నిలిచి, తలుపు కింది రేకును లోపలి నుంచి తినేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆ గొట్టాన్ని శుభ్రం చేయడానికి కావలసింది మెత్తటి ప్లాస్టిక్ తీగ, పది నిమిషాల ఓపిక. కారు ఆయుష్షును ఇంతకంటే చవకగా పెంచే మార్గం నాకు తెలియదు.

రెండవ మెట్టు: నేలకు తాకేది టైరే

ఇంజన్ ఎంత బలమిచ్చినా, బ్రేకు ఎంత గట్టిగా పట్టినా, స్టీరింగ్ ఎంత తిప్పినా ఆ బలాలన్నీ నేలకు చేరేది నాలుగు టైర్ల కిందనున్న అరచేయంత జాగాల ద్వారానే. ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. వేగం 'వే', ఘర్షణ గుణకం 'ఘ', గురుత్వ త్వరణం 'గు' అనుకుంటే, బ్రేకు వేశాక కారు ఆగే దూరం వే × వే ÷ (2 × ఘ × గు).

వేగం గంటకు 100 కిలోమీటర్లు, అంటే సెకనుకు 27.8 మీటర్లు. మంచి టైరుకు 'ఘ' 0.8 అనుకుంటే ఆగే దూరం సుమారు 49 మీటర్లు. గట్టిపడిపోయిన పాత టైరుకు 0.6 అనుకుంటే సుమారు 66 మీటర్లు. తేడా 16 మీటర్లకు పైనే. అయితే అసలు సంగతి ఆ దూరంలో లేదు. మంచి టైర్ల కారు పూర్తిగా ఆగిపోయిన చోట, పాత టైర్ల కారు వేగమెంతో లెక్కవేసి చూడండి. దాని గతిజ శక్తిలో నాలుగింట మూడు వంతులే ఖర్చయి ఉంటుంది. మిగిలిన పావు వంతు శక్తికి సరిపడే వేగం అసలు వేగంలో సగం, అంటే గంటకు 50 కిలోమీటర్లు. ఒకటి ఆగింది. రెండోది గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఎదుటి బండిని గుద్దింది. రెండు కార్ల ఇంజన్లూ ఒకటే, బ్రేకులూ ఒకటే.

పాత కార్లలో టైర్ల గాడులు లోతుగా కనిపించి మోసం చేస్తాయి. తక్కువ తిరిగిన కారు టైరు అరగదు గాని రబ్బరు ముసలిదవుతుంది. టైరు పక్క గోడమీద తయారీ సంకేతంలో చివరి నాలుగు అంకెలు చూడాలి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. పదేళ్ళు దాటిన టైరు చూడడానికి ఎంత బాగున్నా తీసివేయమని చాలామంది తయారీదారులే చెబుతారు.

టైరు కొలత మార్చాలనుకున్నా లెక్క చూసుకోవాలి. ఈ కారుకు కంపెనీ ఇచ్చింది 185/60-14. అంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 14 అంగుళాలు. టైరు మొత్తం అడ్డుకొలత సుమారు 578 మిల్లీమీటర్లు వస్తుంది. 15 అంగుళాల రిమ్ముకు 195/50 టైరు వేస్తే 576 మిల్లీమీటర్లు. దాదాపు సమానం. స్పీడోమీటర్ తప్పు చెప్పదు, గేర్ల లెక్క మారదు. అదే 16 అంగుళాల రిమ్ముకు 205/50 వేస్తే 611 మిల్లీమీటర్లు. దాదాపు 6 శాతం పెద్దది. స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే అసలు వేగం 106 దగ్గర ఉంటుంది. కారు ఎత్తుగేరులో పడినట్టు బరువెక్కుతుంది. చక్రం బరువు కూడా పెరిగితే గుంతల మీద టైరు నేలను వదిలేస్తుంది. అందం కోసం చేసిన పని పట్టును తగ్గించిందన్నమాట. నేను 15 అంగుళాల తేలికపాటి రిమ్ములతో ఆగిపోయాను.

మూడవ మెట్టు: బ్రేకులు

బ్రేకు చేసే పని గతిజ శక్తిని వేడిగా మార్చడం. ఒక టన్ను కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే సుమారు 386 కిలోజౌళ్ళ వేడి డిస్కుల్లో పుడుతుంది. ఈ వేడి కొంత బ్రేకు ఆయిలుకు చేరుతుంది. మనం వాడే బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం గలది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగవచ్చు. డాట్ 4 రకానికి ఈ అంకెలు 230, 155. ఆయిలు మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడలు నేలకు తగులుతుంది, కారు ఆగదు. కనుక రెండేళ్ళకు ఒకసారి ఆయిలు మార్చడం ఏ పెద్ద డిస్కు కన్నా ముందు చేయవలసిన పని. దానితోపాటు చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలు మార్చాలి, కాలిపర్లు పట్టేయకుండా జారుతున్నాయో లేదో చూడాలి.

1994లో ఇదే కారుకు 1.8 లీటర్ల ఇంజన్ వచ్చినప్పుడు ముందు డిస్కు 235 నుంచి 255 మిల్లీమీటర్లకు, వెనుక డిస్కు 231 నుంచి 251కి పెరిగాయి. ఈ పెద్ద డిస్కులు పాత కారుకు కూడా సరిపోతాయి. చాలామంది వేసుకుంటారు. వ్యాసార్థం ఒక సెంటీమీటరు పెరిగినందువల్ల అదే ఒత్తిడికి టార్క్ కొంత పెరుగుతుంది, వేడిని ఇముడ్చుకునే ఇనుము ఎక్కువవుతుంది. ఘాట్ రోడ్డు మీద గంటల తరబడి దిగేవారికి ఇది మంచిదే. అయితే పాత డిస్కులే చక్రాన్ని లాక్ చేయగలిగినప్పుడు ఆగే దూరాన్ని నిర్ణయించేది టైరు పట్టే. అందువల్ల చదునైన డల్లాస్ రోడ్ల మీద తిరిగే నా కారుకు మంచి ప్యాడ్లు, కొత్త ఆయిలు, కొత్త గొట్టాలు చాలనుకున్నాను. ఎవరైనా పెద్ద డిస్కులు వేయదలిస్తే ముందూ వెనుకా కలిపే వేయాలి. ఒక వైపే పెంచితే బ్రేకుల సమతూకం చెడుతుంది.

నాలుగవ మెట్టు: సస్పెన్షన్

కారును కిందికి దించితే అందంగా కనిపిస్తుందని పొట్టి స్ప్రింగులు వేయిస్తారు. ఈ కారులో చక్రం పైకి కదలడానికి ఉన్న జాగా అసలే తక్కువ. కారును మరీ దించితే చిన్న గుంతకే షాక్ అబ్జార్బర్ లోపలి రబ్బరు దిమ్మకు తగిలి కారు ఎగిరిపడుతుంది. మలుపు మధ్యలో అలా జరిగితే టైరు జారవచ్చు. మెత్తటి స్ప్రింగుకు మంచి షాక్ అబ్జార్బర్ తోడైతే టైరు నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. గట్టి స్ప్రింగుకు అరిగిపోయిన షాక్ తోడైతే బంతిలా ఎగురుతుంది. కాబట్టి నేను కంపెనీ ఎత్తునే ఉంచి, కొత్త గ్యాస్ షాకులు, కొత్త బుష్షులు వేయించి, చివర్న నాలుగు చక్రాలకూ అలైన్‌మెంట్ చేయించాను. ఈ కారులో ముందు చక్రాలకే గాక వెనుక చక్రాలకూ కోణాలు సవరించే ఏర్పాటు ఉంది. ఆ అలైన్‌మెంట్‌కు పెట్టిన ఖర్చుకు వచ్చినంత ఫలితం మరే ఖర్చుకూ రాలేదని చెప్పగలను. అంతవరకు రోడ్డు మీద ఎడమకు లాగే బండి ఆ తర్వాత దారం కట్టినట్టు నడిచింది.

ఐదవ మెట్టు: వేడి, వెలుతురు

డల్లాస్ వేసవి మన రామగుండం ఎండలకు చుట్టమే. 38 డిగ్రీలు దాటడం అక్కడ మామూలు. ఈ కారు రేడియేటర్ తొట్లు ప్లాస్టిక్‌వి. నల్లగా ఉన్న ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగిందంటే పగలడానికి సిద్ధంగా ఉందని గుర్తు. రేడియేటర్, గొట్టాలు, థర్మోస్టాట్, మూత కలిపి ఒకేసారి మార్చుకోవడం ఉత్తమం. నీటి ప్రవాహ మార్గాన్నే మార్చే కిట్లు కూడా అమ్ముతారు. అవి టర్బో పెట్టినవారికీ పందేల్లో పరుగెత్తించేవారికీ కావాలి గాని, ఆఫీసుకు వెళ్ళే కారుకు అక్కరలేదు.

వెలుతురు విషయం చాలామంది మరచిపోతారు. ముందు లైట్లు పాత అంబాసిడర్ రోజుల్లో మనం చూసిన 7 అంగుళాల సీల్డ్ బీమ్ రకం. పాత వైర్లలో, స్విచ్‌లలో వోల్టేజి కొంత పడిపోతుంది. ఫిలమెంట్ బల్బు వెలుగు వోల్టేజితో సమంగా తగ్గదు, చాలా వేగంగా తగ్గుతుంది. వోల్టేజి 10 శాతం పడితే వెలుగు దాదాపు 30 శాతం పడుతుంది. రెండు రిలేలు, కొంచెం లావు వైరు, మంచి ఎర్త్ కనెక్షన్, బల్బు మార్చగల అద్దాలు ఉంటే రాత్రి ప్రయాణం మారిపోతుంది. పాత అద్దంలో ఏదో ఒక ఎల్.ఇ.డి. బల్బు దూర్చడం మాత్రం తగదు. కాంతి చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది.

చివరి మెట్టు: బలం

ఇప్పుడు అందరూ ముందుగా అడిగే ప్రశ్న, హార్స్ పవర్ మాట. గాలి ఫిల్టరు, సైలెన్సర్ మార్చితే వచ్చే బలం స్వల్పం, శబ్దం మాత్రం ఘనం. ఇగ్నిషన్ టైమింగ్‌ను 10 డిగ్రీల నుంచి 14కు పెంచడం ఈ కార్లలో ప్రసిద్ధమైన చిట్కా. ఖర్చు లేదు. కాని ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయవలసి రావచ్చు. మండుటెండలో ఇంజన్ నాక్ కొడితే పిస్టన్లకు చేటు. రోజూ ఎండలో ట్రాఫిక్‌లో నిలబడే బండి కనుక నేను దాని జోలికి పోలేదు.

టర్బో పెడతామంటారా, పెట్టవచ్చు. అప్పుడు ఇంజెక్టర్లు పెద్దవి కావాలి, ఇంధనాన్ని లెక్కించే కంప్యూటర్ మారాలి, రేడియేటర్ పెరగాలి, క్లచ్ గట్టిది కావాలి. ఆ వేగాన్ని ఆపడానికి అప్పుడు నిజంగానే పెద్ద డిస్కులు కావాలి. అటుపైన డిఫరెన్షియల్ వంతు. ఒక్కొక్క మార్పూ మరో మార్పును వెంటబెట్టుకొస్తుంది. ఇది తప్పని నేను అనను. ఇంకొక కారులో ఆఫీసుకు వెళ్ళగలిగినవారు చేయవలసిన ప్రయోగం అంటాను.

చేయకూడనివి రెండు

1990 అమెరికా మోడల్ స్టీరింగ్ చక్రంలో ఎయిర్ బ్యాగ్ ఉంది. అందమైన చిన్న స్టీరింగ్ కోసం దాన్ని తీసివేస్తే ప్రమాదంలో ఛాతీకి ఉన్న ఒక ముఖ్య రక్షణ పోతుంది. రెండోది సీట్ల వెనుక బిగించే రోల్ బార్. కారు బోల్తాపడితే అది ప్రాణదాతే. కాని తలకు దగ్గరగా ఉన్న ఉక్కు గొట్టానికి గట్టి ప్యాడింగ్ లేకపోతే, హెల్మెట్ లేని తలకు చిన్న ప్రమాదంలోనే అది శత్రువవుతుంది. రోల్ బార్ వేస్తే ప్యాడింగ్‌తోనే వేయాలి, సీటు బెల్టు పెట్టుకునే కూర్చోవాలి.

విద్యార్థి మిత్రులకు

ఇంతవరకు చెప్పిన క్రమాన్ని ఒక్కచోట చేర్చితే ఇలా ఉంటుంది. మొదట బండిని స్వస్థితికి తేవాలి. తరువాత టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్. అటు తరువాత వేడి, వెలుతురు. బలం అన్నిటికన్నా చివర. ఇది మియాటాకే గాదు, మీ నాన్నగారి పాత స్కూటరుకూ వర్తిస్తుంది. ఆపలేని వేగం, చూపులేని వేగం మెరుగు అనిపించుకోవు.

ఒక్క పద్ధతి కూడా పాటించమని కోరుతున్నాను. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల వద్ద, ఏ భాగం మార్చారో రాయండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ఒక వారం నడిపి ఫలితం రాసుకుని, ఆ తరువాతే రెండోదానికి పోండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో ఎవరూ చెప్పలేరు. ప్రయోగశాలలో మన గురువులు నేర్పింది ఇదే. రోడ్డు మీద కూడా ఇది పనికి వస్తుంది.